నో-కోడ్ వర్క్‌ఫ్లో: వెబ్ వెతుకులాట నుంచి పత్రం దాకా

నో-కోడ్ వర్క్‌ఫ్లో అంటే ప్రోగ్రామింగ్ భాష తెలియకపోయినా, తెర మీద కనిపించే పెట్టెలను గీతలతో కలుపుతూ వేర్వేరు ఆన్‌లైన్ సేవలను వరుసగా పనిచేయించే పద్ధతి. వెబ్‌లో వెతకడం, దొరికినదాన్ని వడగట్టడం, ముందే సిద్ధం చేసుకున్న మూసలో నింపి పీడీఎఫ్‌గానో వర్డ్ ఫైలుగానో మార్చడం, దాన్ని మెయిలుకో వాట్సాప్‌కో పంపడం ఈ వరుసలోని పనులు. ఆంధ్రప్రదేశ్‌లోని దర్శి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వంటి ఊళ్లలో మీసేవ కేంద్రాలు, డీటీపీ షాపులు, రైతు సంఘాలు చేతితో చేసుకునే పనుల్లో చాలావరకు ఈ కోవలోవే. సేవలను ఒకదానికొకటి తగిలించడం ఇప్పుడు పెద్ద పని కాదు. తెలుగులో చిక్కంతా రెండు కొసల దగ్గరే వస్తుంది. వెతికే పేరు దగ్గర ఒకటి, అచ్చయ్యే అక్షరం దగ్గర ఇంకొకటి.

నేపథ్యం

పట్టికలోని పేర్లను ఒకే ఉత్తరంలో వరుసగా నింపే ‘మెయిల్ మెర్జ్’ ఈ పద్ధతికి పాత రూపం. వెబ్ సమాచారాన్ని పెట్టెలు, గొట్టాలుగా గీసి కలిపే ఆలోచనను 2007లో వచ్చిన యాహూ పైప్స్ జనంలోకి తెచ్చింది. 2015లో దాన్ని మూసేశారు. ఈలోగా ఇలాంటి సేవలే 2010లో ఇఫ్ట్, 2011లో జాపియర్ మొదలయ్యాయి. చెక్ దేశంలో పుట్టిన ఇంటిగ్రోమ్యాట్ 2022లో ‘మేక్’గా పేరు మార్చుకుంది. మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన ‘ఫ్లో’ను 2019లో ‘పవర్ ఆటోమేట్’ అన్నారు. అదే ఏడాది బెర్లిన్ నుంచి వచ్చిన ఎన్8ఎన్‌ను సొంత కంప్యూటర్లో కూడా నడుపుకోవచ్చు. చెన్నై సంస్థ జోహోకు ‘జోహో ఫ్లో’ ఉంది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ గొలుసుల్లో కొత్త పెట్టె ఒకటి చేరింది. చదివి సారాంశం రాసే భాషా నమూనా అది. సౌకర్యంతో పాటు ప్రమాదం కూడా అక్కడి నుంచే మొదలైంది.

పనిచేసే తీరు

దర్శి వైపు కంది బాగా పండిస్తారు కాబట్టి ఉదాహరణగా కంది ధరల పత్రాన్నే తీసుకుందాం. రోజూ సాయంత్రం రైతు సంఘం సభ్యులకు ఒక పేజీ పత్రం వెళ్లాలి. గొలుసులో మొదటిది ట్రిగ్గర్, అంటే పనిని కదిలించే సంకేతం. ఇక్కడ గడియారమే ఆ సంకేతం. రెండో పెట్టె కేంద్ర ప్రభుత్వ బహిరంగ సమాచార వేదికను అడుగుతుంది. మార్కెట్ యార్డుల రోజువారీ ధరలను ఏపీఐ ద్వారా, అంటే యంత్రానికి యంత్రమే జవాబిచ్చే ద్వారం గుండా, అది అందిస్తుంది. ప్రతి వరుసలో రాష్ట్రం, జిల్లా, యార్డు, సరుకు, రకం, తేదీ, కనిష్ఠ, గరిష్ఠ ధరలు, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర ఉంటాయి. మూడో పెట్టె వాటిలోంచి కందిని వేరుచేస్తుంది. నాలుగోది ఆ ధరను మద్దతు ధరతో పోలుస్తుంది. 2025–26 ఖరీఫ్ కందికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఐదోది మూసలో ఖాళీలు నింపి పీడీఎఫ్ చేస్తుంది.

ఇందులో వెబ్ వెతుకులాట అవసరమయ్యేది పక్క కబుర్లకు. కొనుగోలు కేంద్రాలు తెరిచారా, దిగుమతి సుంకం మారిందా, తుపాను హెచ్చరిక ఉందా అన్నవి పట్టికల్లో దొరకవు. వెతుకులాట సేవ ప్రతి ఫలితానికీ శీర్షిక, లంకె, రెండు వరుసల ముక్క పంపుతుంది. ఆ రెండు వరుసలనే వార్తగా తీసుకుని సారాంశం రాయిస్తే నిరుటి సంగతి నేటిదైపోతుంది. లంకె తెరిచి పూర్తి పాఠాన్ని, దాని తేదీని తెచ్చే పెట్టె ఒకటి మధ్యలో ఉండి తీరాలి.

ఏ రోజైనా యార్డు ధర నమోదు చేయకపోతే జవాబు ఖాళీగా వస్తుంది. సాదా మూసైతే అక్కడ ఖాళీ మిగులుస్తుంది. భాషా నమూనా చేతికిస్తే మాత్రం నమ్మదగినట్టుండే అంకె ఒకటి వేసే అవకాశం ఉంది. అందుకే అంకెలను నేరుగా పట్టిక నుంచి మూసలోకి పంపాలి, వాక్యాలు మాత్రమే నమూనాతో రాయించాలి. ఖాళీ వస్తే ‘ఈరోజు ధర నమోదు కాలేదు’ అని అచ్చయ్యే దారి విడిగా గీయాలి. ధర చూసి బస్తాలు బండికెక్కించే రైతుకు ఖాళీ గడి వల్ల వచ్చే నష్టమేమీ లేదు, తప్పుడు అంకె వల్ల బండి బాడుగ పోతుంది.

వెతికే పేరు

దర్శి అన్న పేరు ‘దరిశి’గా కూడా కనిపిస్తుంది. ‘దరిశి’ అని వెతికితే ఊరి కంటే ముందు గదర్ పార్టీలో పనిచేసిన దరిశి చెంచయ్య, ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ ఎదురైనా ఆశ్చర్యం లేదు. ఎర్రగొండపాలెం ఇంగ్లిషులో రెండు మూడు రకాలుగా ఉంటుంది. మార్కాపురం, మార్కాపూర్ రెండూ వాడుకలోవే. పట్టికలో వడపోత అక్షరం అక్షరం సరిచూస్తుంది కాబట్టి ఒక రూపమే ఇస్తే మిగతావన్నీ జారిపోతాయి. ఊరికి ఎన్ని రూపాలున్నాయో ఒక చిన్న పట్టికలో రాసుకుని, గొలుసు ప్రతిదాన్నీ విడివిడిగా వెతికేలా అమర్చడమే దీనికి విరుగుడు.

జిల్లా పేరుతో తిప్పలు ఇంకా ఎక్కువ. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అప్పటిదాకా దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. కొత్త జిల్లాకు మొదట ఒంగోలు పేరే ఉండేది, ప్రకాశం పేరు 1972లో పెట్టారు. ఊరి పాత భూముల సంగతో, చెరువు చరిత్రో వెతికే గొలుసుకు ‘ప్రకాశం’ అని మాత్రమే చెబితే 1970కి ముందరి కాగితాలు వలలో పడవు. కంభం చెరువు గురించిన బ్రిటిషు కాలపు రాతలు కర్నూలు పుస్తకాల్లోనే ఉంటాయి మరి.

వెతికినా దొరకని తెలుగు ఇంకోటి ఉంది. యూనికోడ్‌కు ముందు డీటీపీ షాపులు వాడిన అను వంటి ఫాంట్లలో తెర మీద తెలుగే కనిపించినా లోపల ఉండేవి వేరే సంకేతాలు. వాటితో చేసిన పీడీఎఫ్‌లు, స్కాన్ చేసిన ఉత్తర్వులు వెతుకులాట యంత్రానికి తెలుగుగా కనపడవు. మొదటివాటికి ఫాంటు మార్పిడి, రెండోవాటికి బొమ్మ నుంచి అక్షరాలు గుర్తించే పెట్టె తగిలించాలి. రెండింటిలోనూ ఒత్తులు తప్పిపోతుంటాయి.

అచ్చయ్యే అక్షరం

యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 స్థానాలు కేటాయించారు. ‘స్త్రీ’ కంటికి ఒకటే అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిసి ఆరు సంకేతాలు. వాటిని ఒక రూపంగా కూర్చే పని హార్ఫ్‌బజ్ వంటి అక్షర కూర్పు సాఫ్ట్‌వేరుది. పీడీఎఫ్ చేసే సేవలో అది లేకపోతే ఒత్తులు విడిపోయి పొల్లులు బయటపడతాయి. ‘దర్శి’ కాస్తా ‘దర్‌శి’ అవుతుంది. సేవను ఎంచుకునే ముందు స్త్రీ, క్ష్మ, ర్శి వంటివి నింపి ఒక పేజీ తీసి చూడటం మంచిది. పత్రాన్ని హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి, క్రోమ్ బ్రౌజరు ఇంజిన్‌తో పీడీఎఫ్‌గా మార్చే సేవలు తెలుగును మామూలుగా సరిగ్గానే చూపిస్తాయి. మండలి వంటి ఉచిత యూనికోడ్ ఫాంటును ఫైలులోనే పొదగాలి.

ఖర్చులోనూ లిపికి పాత్ర ఉంది. ‘దర్శి’లోని ఐదు సంకేతాలకు యూటీఎఫ్-8లో 15 బైట్లు పడతాయి. ఇంగ్లిషు స్పెల్లింగుకు ఐదే. భాషా నమూనాలు పాఠాన్ని ముక్కలుగా లెక్కగట్టి డబ్బు తీసుకుంటాయి కాబట్టి, అదే విషయానికి తెలుగులో బిల్లు ఎక్కువ రావడం మామూలే.

ముందు జరిగిన ప్రయత్నాలు

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో గ్రామాల పేజీలు ఇలాంటి పనికి పెద్ద ఉదాహరణ. అవి నో-కోడ్ పరికరాలతో చేసినవి కావు. పట్టిక నుంచి వాక్యం పుట్టించడం మాత్రం అదే సూత్రం. 2011 జనగణన అంకెలను ఒకే మూస వాక్యాల్లో నింపి వేలాది పేజీల్లో చేర్చారు. జనాభా, విస్తీర్ణం, బడులు, తాగునీటి వివరాలు అలా వచ్చినవే. ఊరూరి పేజీ ఒకే గొంతుతో చదువుకోవాల్సి రావడం ఈ పద్ధతికి చెల్లించిన మూల్యం. అయినా ఎవరూ రాయని ఊళ్లకు ఆపాటి పేజీ ఉండటమే మేలు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఇండిక్‌వికీ ప్రాజెక్టు కూడా ఇదే దారిలో తెలుగు వ్యాసాలు పుట్టించే పని చేపట్టింది.

ప్రభుత్వం వైపు నుంచి ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న ‘మన మిత్ర’ను 161 సేవలతో ప్రారంభించింది. పౌరుడు వాట్సాప్‌లో అడిగితే వెనక శాఖల రికార్డుల నుంచి సమాచారం వచ్చి పత్రంగా చేతికందుతుంది. అక్కడ సమాచారం ప్రభుత్వ ఖజానాలోదే. బయటి వెబ్‌లో వెతికి కట్టే గొలుసుకు ఆ భరోసా ఉండదు.

నమ్మకం, గోప్యత

బయటి సేవల మీద ఆధారపడ్డ గొలుసు ఎప్పుడైనా తెగొచ్చు. మైక్రోసాఫ్ట్ తన బింగ్ వెతుకులాట ఏపీఐలను 2025 ఆగస్టు 11న ఆపేసినప్పుడు వాటిని నమ్ముకున్న గొలుసులన్నిటికీ వేరే సేవ వెతుక్కోవాల్సి వచ్చింది. పత్రం బయటికి వెళ్లేముందు ఒక మనిషి చూసి ‘సరే’ నొక్కే పెట్టెను దాదాపు అన్ని పరికరాలూ ఇస్తాయి. ధరలు, గడువు తేదీలు ఉన్న పత్రాలకు అది తప్పనిసరి.

నెట్ సెంటర్లలో ఈ గొలుసుల గుండా ఆధార్ నంబర్లు, పాస్‌బుక్ వివరాలు వెళ్తే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గుర్తుంచుకోవాలి. పత్రం ఇచ్చేశాక పని అయిపోయిందనుకుంటారు గానీ, ప్రతి పెట్టెలోంచి వెళ్లిన సమాచారం నకలు చిట్టాలో మిగిలిపోతుంది. సొంతంగా నడుపుకునే ఎన్8ఎన్‌లో ఏ మార్పూ చేయకపోతే ఆ చిట్టా 336 గంటలు, అంటే 14 రోజులు ఉంటుంది. ఆ గడువును తగ్గించుకోవచ్చు, పూర్తయిన పనుల చిట్టాను అసలు దాచకుండానూ అమర్చుకోవచ్చు.