ఖాజీ లేఖ నుండి రాయబారి ముద్ర వరకు

హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒడంబడిక ముగిసిన పిమ్మట దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) ఇరుగుపొరుగు దేశాల పాలకులకు ఇస్లాం సందేశ లేఖలు పంప సంకల్పించారు. ముద్ర లేని లేఖను ఆ రాజులు స్వీకరించరని సహచరులు మనవి చేశారు. అప్పుడు ఆయన వెండి ఉంగరం చేయించి, దానిపై 'ముహమ్మద్', 'రసూల్', 'అల్లాహ్' అను మూడు పదాలను చెక్కించారు. అదే చెక్కడం మరెవ్వరి ఉంగరంపైనా ఉండరాదని కూడా ఆదేశించారు. ఈ రెండవ ఆదేశాన్ని చాలామంది చదివి దాటిపోతారు గాని, పత్రాల చరిత్రకు మొదటిదానికంటె ఇదే ముఖ్యం. ముద్ర పుట్టిననాడే దాని నకలు కూడ పుట్టగలదన్న ఎరుక ఇందులో ఉన్నది. ఆ ఉంగరం హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్ (రజి)ల చేతుల మీదుగా హజ్రత్ ఉస్మాన్ (రజి)కు చేరి, ఖుబా సమీపంలోని అరీస్ బావిలో పడిపోయింది. మూడు రోజులు వెదకినా దొరకలేదు.

ముద్ర వేసినంత మాత్రాన పత్రానికి రక్షణ కలుగదని త్వరలోనే తేలింది. హజ్రత్ ముఆవియా (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఒక వ్యక్తికి లక్ష దిర్హములు చెల్లించవలసినదని డమాస్కస్ నుండి ఇరాక్ గవర్నరు జియాద్ పేర ఆజ్ఞాపత్రం వెళ్లింది. ఆ వ్యక్తి పత్రం విప్పి 'నూరు వేలు' అన్నదానిని 'రెండు నూర్ల వేలు'గా దిద్ది రెండు లక్షలు పుచ్చుకున్నాడు. అరబ్బీలో ఆ మార్పుకు ఒకటి రెండు అక్షరాలు చాలు. జియాద్ లెక్కలు పంపినప్పుడు గాని మోసం బయటపడలేదు. అటుపిమ్మటనే 'దీవానుల్ ఖాతమ్' అను ముద్రల కార్యాలయం ఏర్పడిందనీ, పత్రాలను మడిచి బంధించి, ఆ బంధంపై ముద్ర వేయడం మొదలైందనీ చరిత్రకారులు వ్రాశారు.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటె పొడవైన ఆయత్ (అల్ బఖర, 282) అప్పు పత్రాన్ని గురించినదే. వ్రాతగాడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులు ఉండాలని, వ్రాతగానికి గాని సాక్షికి గాని హాని చేయరాదని అందులో ఆదేశాలున్నాయి. ముద్ర ప్రసక్తి లేదు. ధర్మశాస్త్రవేత్తలైన ఫుఖహాలలో అధికులు పత్రాన్ని జ్ఞాపకానికి ఆసరాగా మాత్రమే చూశారు. సాక్ష్యం మనిషిది; కాగితానిది కాదు.

అయితే సాక్షి ఒక ఊళ్లో, ప్రతివాది వేరొక ఊళ్లో ఉంటే దారి ఏమిటి? బస్రాలో అప్పిచ్చినవాడు, ఖొరాసానుకు వెళ్లిపోయిన బాకీదారుపై దావా వేయాలంటే సాక్షులను అంతదూరం నడిపించుకొని పోలేడు. ఈ చిక్కుకు ఫిఖ్హ్ గ్రంథాలు చూపిన పరిష్కారం 'కితాబుల్ ఖాజీ ఇలల్ ఖాజీ', అనగా ఒక ఖాజీ మరొక ఖాజీకి వ్రాసే లేఖ. మొదటి ఖాజీ సాక్షులను విచారించి, విన్నది వ్రాసి, లేఖ మూసి ముద్ర వేస్తాడు. నేడు ఒక దేశపు పత్రం మరొక దేశంలో చెల్లడానికి జరిగే ధ్రువీకరణకు ఇస్లామీ న్యాయచరిత్రలో ఇంతకంటె దగ్గర పోలిక లేదు.

తొలిరోజుల్లో ఖాజీ లేఖకు వేరే రుజువు అడిగేవారు కారు. మొదటిసారి అడిగినవారు కూఫా ఖాజీ ఇబ్నె అబీ లైలా, బస్రా ఖాజీ సవ్వార్ బిన్ అబ్దుల్లాహ్ అని ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. ఇద్దరూ హిజ్రీ 2వ శతాబ్దివారు. వ్రాతను పోలిన వ్రాత, ముద్రను పోలిన ముద్ర తయారుచేయడం కష్టం కాదన్నదే ఈ జాగ్రత్తకు కారణం. ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయంలో లేఖతోపాటు ఇద్దరు సాక్షులు ప్రయాణం చేయాలి. ఖాజీ వారికి లేఖలోని విషయం చదివి వినిపించాలి, వారి ఎదుటనే ముద్ర వేయాలి. గమ్యస్థానంలోని ఖాజీ ప్రతివాది సమక్షంలోనే దానిని విప్పాలి. పంపిన ఖాజీ లేఖ చేరకముందే మరణించినా, పదవి నుండి తొలగినా ఆ లేఖ చెల్లదు. హుదూద్, ఖిసాస్ వ్యవహారాల్లో అసలే చెల్లదు.

ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ ఈ నిబంధనలను సడలించారు. ఇది ఫలానా ఖాజీ లేఖ, ఇది అతని ముద్ర అని సాక్షులు చెబితే చాలు, లోపలి విషయం వారికి తెలియనక్కరలేదన్నారు. న్యాయపదవిని స్వీకరించ నిరాకరించిన గురువు కఠినంగా ఉండగా, హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా పనిచేసిన శిష్యుడు మెత్తబడ్డారు. ప్రతిరోజూ గుమ్మంలో నిలబడే కక్షిదారులను చూచిన మనిషికి, చూడని మనిషికి తేడా ఉంటుందని 'హిదాయా' కర్త మర్గీనానీ కూడ సూచించారు. ఇమామ్ సరఖ్సీ సైతం అబూ యూసుఫ్ మాటనే ఎంచుకున్నారు. నేటి ధ్రువీకరణ పద్ధతికి మూలసూత్రం ఈ సడలింపులోనే కనబడుతుంది. ముద్రను గుర్తించడం వేరు, విషయాన్ని ఎరుగడం వేరు అయిపోయాయి. కాని అబూ యూసుఫ్ సాక్షిని తీసివేయలేదు. ఆ పని తరువాతి కాలం చేసింది.

ఉస్మానీ సామ్రాజ్యపు 'మజల్లా' ఈ మార్పులో ఒక మజిలీ. 1869 - 1876 మధ్య వెలువడిన ఆ న్యాయసంహితలోని 1736వ అధికరణం, కేవలం వ్రాతపైన, ముద్రపైన తీర్పు చెప్పరాదని మొదలుపెట్టి, కూటరచన సందేహం లేనిదైతే చెప్పవచ్చునని ముగిస్తుంది. ఆ వెంటనే 1737వ అధికరణం సుల్తాను ఫర్మానాలకు, భూమి దఫ్తరులకు వేరే రుజువు అక్కరలేదంటుంది. ప్రభుత్వ దఫ్తరు తానే సాక్షి స్థానంలో కూర్చున్నది.

దక్కనులోనూ ఖాజీ ముద్రకు పెద్ద విలువ ఉండేది. ఇనాము సనదుకు గాని, విక్రయపత్రానికి గాని నకలు కావాలంటే ఖాజీ దానిని అసలుతో సరిచూచి, అసలుకు అనుగుణమైన నకలని పారసీకంలో వ్రాసి, తన పేరు, హిజ్రీ సంవత్సరం గల ముద్ర వేసేవాడు. వివాదం వచ్చినచోట విషయం ఎరిగినవారిని పిలిచి, వారి చేవ్రాళ్లు, ముద్రలు అంచులలో తీసుకొని 'మహ్‌జర్' తయారుచేసేవారు. తెలుగువారి నోట నేటికీ నిలిచిన 'మహజరు' అదే. ఆ పత్రంపై సంతకం చేసినవాడు ఆ ఊరివాడే. పిలిస్తే వచ్చి నిలబడగలవాడు.

బ్రిటిష్ ప్రభుత్వం 1864లో ఖాజీల నియామకం నుండి తప్పుకొని, ముస్లిములు ఇబ్బంది పడగా 1880లో ఖాజీల చట్టం చేసింది. అది తొలుత వర్తించినది మద్రాసు రాజధానికే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోనివే. అయితే ఆ చట్టం ఖాజీకి ఏ న్యాయాధికారమూ ఇవ్వలేదు, నికాహ్‌కు అతడు ఉండి తీరాలనీ అనలేదు. ఊరూరికీ తీర్పు లేఖలు పంపిన పదవి వివాహాల దఫ్తరు వ్రాసే పదవిగా మిగిలింది. ఆ దఫ్తరే తరువాత సముద్రాలు దాటవలసి వచ్చింది.

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత హైదరాబాదు, కరీంనగర్, నిజామాబాదు, కడప ప్రాంతాల నుండి వేలాదిమంది గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లారు. భార్యను పిలిపించుకోవాలన్నా, బిడ్డకు వీసా కావాలన్నా నికాహ్ పత్రం చూపాలి. ఖాజీ ఉర్దూలో నింపిన సియాహా ఆధారంగా వక్ఫ్ బోర్డు వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. దానిపై రాష్ట్ర ప్రభుత్వ అధికారి, అతని సంతకంపై విదేశాంగ శాఖ, ఆ శాఖ సంతకంపై రాయబార కార్యాలయం, చివరకు ఆ దేశపు విదేశాంగ శాఖ. ఒక్కొక్క చేయి తనకు ముందున్న చేతిని మాత్రమే ఎరుగును. రాయబార కార్యాలయపు గుమాస్తా వద్ద ఉండేది విదేశాంగ అధికారి నమూనా సంతకం. పెండ్లి కుమార్తె ముఖం గాని, ఖాజీ పేరు గాని అతనికి తెలియవు.

ఈ గొలుసును కుదించడానికే 1961 అక్టోబరు 5న హేగ్ నగరంలో ఒప్పందం కుదిరింది. రాయబారి ముద్రకు బదులు, జారీచేసిన దేశమే 'అపోస్టిల్' అను ఒకే ముద్రాపత్రం అంటిస్తే సభ్యదేశాలన్నిటిలో చెల్లుతుంది. భారతదేశంలో ఇది 2005 జులై 14న, ఒమన్‌లో 2012లో, బహ్రెయిన్‌లో 2013లో, సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు 7న అమలుకు వచ్చింది. సౌదీ చేరేనాటికి కువైట్, ఖతర్, ఎమిరేట్లు చేరలేదు గనుక అక్కడికి వెళ్లేవారికి పాత గొలుసే మిగిలింది. అపోస్టిల్ దేనికి పూచీపడుతుందో ఆ ఒప్పందమే చెప్పింది. సంతకం నిజమైనదా, సంతకం చేసినవాని హోదా ఏమిటి, ముద్ర ఎవరిది - ఇంతవరకే. పత్రంలోని విషయం నిజమా కాదా అన్నది దాని పని కాదు.

హదీసు విద్య తెలిసినవారికి ఈ తేడా కొత్త కాదు. ఇస్నాద్ గొలుసు సరిగా ఉన్నంత మాత్రాన మత్న్ సరియైనదని తేలదని ముహద్దిసులు ఏనాడో చెప్పారు. పైగా వారు గొలుసులోని ప్రతి మనిషి నడవడినీ, జ్ఞాపకశక్తినీ పరీక్షించారు. నేటి గొలుసులో పరీక్షకు నిలిచేది సంతకం ఒంపు మాత్రమే. పరదేశీయులతో మైనరు బాలికల వివాహాలు జరిపించారన్న ఆరోపణపై 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు కొందరు అరబ్బు దేశీయులను, వారితోపాటు ఖాజీలను అరెస్టు చేశారు. వయస్సు తప్పుగా వ్రాసిన సియాహాపై ఢిల్లీ ముద్ర పడినా, రాయబారి ముద్ర పడినా ఆ ముద్రలు అబద్ధాలు కావు. వాటి కింద అబద్ధం భద్రంగా ఉంటుంది. ఆ బాలికను కంటితో చూడగల స్థానం గొలుసు మొత్తంలో మొదటి వ్యక్తిది, అనగా ఖాజీది మాత్రమే. అతని వెంట నిలిచే ఇద్దరు సాక్షుల పేర్లు కూడ ఆ పత్రంలోనే ఉంటాయి గాని, వారిని ఎవరూ పిలవరు.

ఫుఖహాలు మరొక షరతు కూడ పెట్టారు. ఖాజీ లేఖలో మనిషి పేరు మాత్రమే వ్రాస్తే చాలదు, తండ్రి పేరు, తాత పేరు వ్రాసి గుర్తు తేల్చాలన్నారు. ఒకే పేరుగలవారు ఊరినిండా ఉంటారని వారికి తెలుసు. నేడు పత్రాలు తిరిగివచ్చేది ఎక్కువగా ఈ పేరు దగ్గరే. సియాహాలో ఉర్దూ లిపిలో 'ముహమ్మద్' అని ఉన్నది పాస్‌పోర్టులో పొట్టి పేరుగా, తర్జుమాలో మరొక అక్షరక్రమంతో, బడి ధ్రువపత్రంలో ఇంటిపేరు ముందో వెనుకో చేరి నాలుగు రూపాలు దాల్చుతుంది. ముద్రలన్నీ సరిగానే ఉంటాయి. భార్య హైదరాబాదులో, భర్త జిద్దాలో మరి కొన్ని నెలలు ఆగుతారు, ఖాజీ దఫ్తరులో ఆ ఒక్క పేరు దిద్దించే వరకు.