కిటికీ అవతల చెట్టు

ఆస్పత్రిలో ఉన్నవాళ్ళని చూడ్డానికి మనం పళ్ళు పట్టుకెళతాం, ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళతాం. పువ్వులు పట్టుకెళ్ళడం మాత్రం దొరల సోకని మనవాళ్ళ ఉద్దేశం. కాని ఆ దొరల దేశంలోనూ ఒకప్పుడు రోగి పువ్వులు చూడాలని ఆశపడితే అదొక చాపల్యం కింద కొట్టిపారేసేవారట.

ఆ మాట మీద దెబ్బలాటకి దిగింది ఫ్లారెన్స్ నైటింగేల్. క్రిమియా యుద్ధంలో సైనికులకి సేవచేసి వచ్చాక, 1859లో, ఇళ్ళల్లో రోగుల్ని చూసుకునే ఆడవాళ్ళ కోసం ఒక చిన్న పుస్తకం రాసింది. గుడిసెలో జ్వరంతో పడుకున్నవాడికి కిటికీ అవతలిది కనబడక, ఎదుటి చెక్కల్లోని ముడులే గతి కావడం ఎంత నరకమో అందులో చెప్పింది. తను జ్వరంతో ఉన్నప్పుడు ఎవరో అడవిపూల గుత్తి పంపితే, అప్పట్నించే తొందరగా తేరుకున్నానంది. ఇది మనసుకే కాదు, ఒంటికీ పనిచేస్తుందని ఖండితంగా వాదించింది. రాత్రిపూట గదిలో మొక్కలుంటే గాలి విషమైపోతుందనే భయాన్నీ తీసిపారేసింది. ఆ గాలికి ఈగ కూడా చావదట! మన ఇళ్ళల్లో ఆ భయం ఇంకా పోలేదు లెండి.

చెబితే సరా, రుజువేదీ? అందుకు నూటపాతికేళ్ళు పట్టింది. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలో, పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రి పాత కేసు కాగితాలు తిరగేసి, 1984లో ఫలితం ప్రకటించాడు. 1972 నించి 1981 దాకా అక్కడ పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరి కిటికీల్లోంచి చెట్లు కనిపించేవి, కొందరికి ఇటుకగోడ. వయసూ వగైరాలు కలిసేలా 23 జతలు ఏరుకున్నాడు. అవి ఆకురాల్చే చెట్లు గనక, పచ్చగా ఉండే మే-అక్టోబరు నెలల మధ్య ఉన్నవాళ్ళనే తీసుకున్నాడు. ఎంత ముచ్చటైన జాగ్రత్త!

చెట్టువైపు వాళ్ళు సగటున 7.96 రోజులకి ఇంటికెళ్ళారు, గోడవైపు వాళ్ళు 8.70 రోజులకి. ముప్పావు రోజేగా అంటారేమో. కాని గోడవైపు వాళ్ళకి ఘాటైన నొప్పిమందులు ఎక్కువ కావలసి వచ్చాయి. "ఏడుస్తున్నారు", "ధైర్యం చెప్పాల్సి వస్తోంది" అనే ధోరణిలో నర్సులు రాసుకున్న మాటలు గోడవైపు మనిషికి దాదాపు నాలుగు, చెట్టువైపు ఒకటి. నైటింగేల్ తీర్చిదిద్దిన వృత్తిలోని వాళ్ళే, తెలియకుండానే, ఆవిడ తరఫున సాక్ష్యం రాసిపెట్టారన్నమాట.

ఉన్నది 46 మంది, అదీ ఒక్క ఆస్పత్రిలో. గోడ మరీ బోసిగోడ, దాని బదులు సందడిగా ఉండే వీధి అయితే ఏమయ్యేదో తేలలేదని ఉల్రిచే చెప్పాడు. మన నర్సింగ్ హోముల్లో చాలావాటికి కిటికీ తీస్తే పక్కమేడ గోడే. వేపకొమ్మో కొబ్బరాకో కనిపించే గది దొరికితే మాత్రం, మంచం అటు తిప్పమని ఆయాని అడగొచ్చు. దానికింకా బిల్లు వెయ్యడంలేదు.