అరకులోయ పర్యాటక చరిత్ర

అరకులోయ తూర్పు కనుమల్లోని గిరిజన ప్రాంతం. విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న ఈ లోయ, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. గుహలు, గెడ్డలు, కాఫీ తోటలు, వలిసె పూల చేలు, థింసా ఆట, వారపు సంతలు చూడడానికి ఆంధ్ర, తెలంగాణల నుంచే కాక ఒడిశా, బెంగాల్ నుంచీ జనం వస్తారు. అయితే ఇక్కడ సందర్శకుల కోసమే కట్టినవి మొదట్లో దాదాపు ఏమీ లేవు. రైలు ఇనుప ఖనిజం కోసం వచ్చింది, తోట సైనికుల కోసం వచ్చింది, కాఫీ పోడు మాన్పించడానికి వచ్చింది. విహారయాత్ర వాటి వెనకాలే కొండెక్కింది. ఇంత జనం వచ్చినా భూమి మాత్రం చట్టం అండతో చాలావరకు గిరిజనుల చేతుల్లోనే నిలిచింది. దేశంలోని మిగతా వేసవి విడుదుల చరిత్రకూ అరకు చరిత్రకూ అసలు తేడా అక్కడుంది.

జ్వరాల కొండ

పందొమ్మిదో శతాబ్దంలో మైదానంవాళ్లకు మన్యం అంటే విహారం గుర్తొచ్చేది కాదు, జ్వరం గుర్తొచ్చేది. 1839 నాటి చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును ప్రభుత్వ ఏజెంటుగా నియమించి పాలించారు. ఏజెన్సీ అనే పేరు అలా స్థిరపడింది. నీలగిరుల్లో ఊటీ వెలసినట్టే ఇక్కడా ఒక చల్లని విడిది చేసుకుందామని తెల్లదొరలు ఆశపడ్డారు. 1860లో అనంతగిరి దాటాక వచ్చే గాలికొండ మీద వాల్తేరు సైనికుల కోసం ఆరోగ్య విడిది పెట్టిచూశారు. వెళ్లినవాళ్లు జ్వరాల పాలవడంతో ఆ ప్రయత్నాన్ని విరమించుకున్నారు. మలేరియా దోమ ఆనాడు ఈ లోయకు కాపలా కాసిందని చెప్పాలి. గాలికొండ మీద విడిది నిలదొక్కుకుని ఉంటే బంగళాలు, క్లబ్బులు, తోట దొరలతో లోయ రూపమే మారిపోయేది.

అంతమాత్రాన కొండల్లో రాకపోకలు లేవనుకోకూడదు. చింతపండు, పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు కొనడానికి మైదానం వర్తకులు సంతలకు వచ్చేవారు. ఉప్పు, బట్టలు, ఎండుచేపలు తెచ్చి అమ్మేవారు. గిరిజన గ్రామాల మధ్య మరో రకం రాకపోకలు ఉండేవి. చైత్ర మాసంలో ఒక ఊరి థింసా బృందం ఇంకో ఊరికి వెళ్లి, ఆ ఊరివాళ్లతో కలిసి ఆడి, వాళ్లు పెట్టిన విందు తిని వస్తుంది. దీన్ని సంకిడి కేల్బార్ అంటారు. ఆట చూపించడానికీ అతిథి సత్కారానికీ పర్యాటక శాఖ పుట్టక ముందే ఈ కొండల్లో ఒక పద్ధతి ఉండేదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ పద్ధతిలో ప్రేక్షకుడు వేరు, ఆటగాడు వేరు అన్న విభజన లేదు. వచ్చినవాళ్లూ గొలుసులో చెయ్యి కలపాల్సిందే.

బొర్రా గుహలు

లోయకు వచ్చిన తొలి సందర్శకులు యాత్రికులని చెప్పవచ్చు. అనంతగిరి మండలంలోని బొర్రా గుహల గురించి స్థానికంగా ఒక కథ ఉంది. మేతకు వెళ్లిన ఆవు గుహ పైకప్పులోని కన్నంలోంచి లోపలికి పడిపోయింది. దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగం కనిపించింది. పైనున్న ఊరివాళ్లు అక్కడ పూజలు మొదలుపెట్టారు. నేటికీ శివరాత్రికి గుహ దగ్గర జాతర జరుగుతుంది.

సున్నపురాయిని నీరు వేల ఏళ్లపాటు కరిగించడంతో ఏర్పడిన ఈ గుహలకు గోస్తని నదితో సంబంధం ఉంది. పైకప్పు నుంచి కారే ప్రతి నీటిబొట్టూ తనలో కరిగిన సున్నపు పదార్థాన్ని కొంచెం కొంచెంగా వదిలిపెడుతుంది. అది పైనుంచి ఊడల్లా వేలాడుతుంది, కిందనుంచి స్తంభాల్లా పెరుగుతుంది. ఆ ఆకారాలకు జనం శివపార్వతులు, తల్లీబిడ్డ, ఋషి గడ్డం, మొసలి అని పేర్లు పెట్టుకున్నారు. ఒకప్పుడు కాగడాలతో దిగిన ఈ చీకట్లో పర్యాటకాభివృద్ధి సంస్థ మెట్లు కట్టించి రంగుల దీపాలు పెట్టింది. ఆ రంగులు లేకుండా, తెల్లని వెలుగులో రాయిని చూడగలిగితే దాని అందం ఇంకా బాగా తెలుస్తుంది.

బొర్రా పేరు దేశ న్యాయచరిత్రలోకి కూడా ఎక్కింది. గుహల చుట్టుపక్కల గ్రామాల్లో కాల్సైట్ తదితర ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చారు. దానిమీద సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులైలో సుప్రీంకోర్టు, గిరిజనుల రక్షణకు ప్రత్యేకంగా ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఖనిజ తవ్వకానికి లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. దేశవ్యాప్తంగా ఆదివాసీ హక్కుల కేసుల్లో ఈ సమత తీర్పును ఉదాహరిస్తారు. గుహ పైనున్న కొండ పేలుళ్ల పాలవకుండా మిగలడంలోనూ, రోజూ వేలమంది దిగి చూడగలగడంలోనూ ఆ తీర్పు పాత్ర తక్కువేమీ కాదు. టికెట్టు కొనుక్కుని దిగేవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు. గుహ ముఖద్వారం దగ్గర ఒక పలకమీద రాసి పెట్టదగినంత విషయం ఇది.

ఖనిజపు రైలు

లోయ తలుపు తెరిచింది రైలే. బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960ల్లో కొత్తవలస-కిరండూల్ మార్గం వేశారు. స్థానికంగా దీన్ని కేకే లైను అంటారు. దట్టమైన అడవిలో, కొండచరియలు విరిగిపడే నేలలో 58 సొరంగాలు తవ్వి, లోయల మీద వంతెనలు కట్టి, సుమారు 445 కిలోమీటర్ల బ్రాడ్‌గేజి దారిని నిలబెట్టారు. 1980ల మొదటికల్లా విద్యుదీకరణ కూడా పూర్తయింది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస స్టేషన్ల మీదుగా రైలు మెలికలు తిరుగుతూ ఎక్కి, 1,000 మీటర్లకు కొద్దిగా తక్కువ ఎత్తున ఉన్న శిమిలిగుడ చేరుతుంది. దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదిగా శిమిలిగుడకు చాలాకాలం పేరుండేది.

ఖనిజం బండ్ల మధ్య రోజుకొకటి నడిచిన కిరండూల్ పాసింజరు విశాఖవాసులకు విహారయాత్ర బండి అయింది. పొద్దున్నే ఎక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతుంటే, జామకాయలూ పనసతొనలూ కొనుక్కుంటూ మధ్యాహ్నానికి అరకు చేరడం రెండు తరాల ఉత్తరాంధ్ర కుటుంబాలకు తెలిసిన అనుభవం. పర్యాటకాభివృద్ధి సంస్థ వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు చొప్పున ప్యాకేజీ యాత్ర నడిపింది. అరకులో మయూరి, త్యాడలో జంగిల్ బెల్స్ విడుదులు కట్టింది. 2017 ఏప్రిల్ 16న ఈ రైలుకు పక్కలా పైకప్పులోనూ అద్దాలున్న విస్టాడోమ్ బోగీ తగిలించారు. రైలు దిగకుండానే కొండ చూడాలనుకునే కొత్త రకం ప్రయాణికులు దాంతో వచ్చారు.

తోట, మ్యూజియం, కాఫీ

పద్మాపురం ఉద్యానవనం రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది. తర్వాత ఉద్యాన నర్సరీ అయింది, ఆపైన గులాబీలు, చెట్టుమీది గుడిసెలు, బొమ్మరైలుతో విహార స్థలంగా మారింది. 1996లో వెలసిన గిరిజన మ్యూజియం ఇళ్లు, పనిముట్లు, నగలు, వేట, పెళ్లి తంతులను బొమ్మలతో చూపిస్తుంది. లోయలో నేటికీ జీవిస్తున్న జనాన్ని మట్టిబొమ్మల్లో చూసి వెళ్లిపోవడం ఎంతవరకు సరి అనే ప్రశ్న ఉన్నా, పట్నం పిల్లలకు కొండదొర, బగత, వాల్మీకి, కోదు, పోర్జ, గదబ, కోటియా అనే పేర్లు మొదట పరిచయమయ్యేది అక్కడే.

కాఫీ కథ పెద్దది. ఆంగ్లేయుల కాలంలోనే ఈ కొండల్లో అక్కడక్కడ నాటినా, అది గిరిజన రైతు పంటగా మారింది స్వాతంత్ర్యం తర్వాతే. అడవి నరికి చేసే పోడుకు ప్రత్యామ్నాయంగా పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు కలిసి మొక్కలిచ్చి నాటించాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ: ఒకే నేలలో రెండు ఆదాయాలు. 1956లో విశాఖ కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులతోపాటు కాఫీ కూడా కొనడం మొదలుపెట్టింది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చేయూతతో గిరిజన రైతులు సహకార సంఘంగా ఏర్పడ్డారు. వాళ్లు పండించిన కాఫీతో 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరుచుకుంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వేసవి తొలివానలకు తోటలు తెల్లగా పూసి మల్లెల్లా వాసన వేస్తాయి. నవంబరు నుంచి ఎర్రపళ్లు కోస్తారు. రైతు వెంట తోటలో తిరిగి, పండు ఒలిచి, గింజ ఎండబెట్టే కళ్లం దాకా చూడడం లోయలో దొరికే అనుభవాల్లో అన్నిటికన్నా విలువైనది. కాఫీ మ్యూజియంలో చాక్లెట్లు కొనే రద్దీలో ఇది చాలామందికి తప్పిపోతోంది.

థింసా, పండుగలు, సంతలు

థింసా స్త్రీల గొలుసు నృత్యం. ఒకరి నడుము వెనకగా ఇంకొకరు చేతులు పెనవేసి, తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ముల మోతకు అడుగు కలుపుతారు. దీనిలో రకాలు చాలా ఉన్నాయి. బోడ థింసా గ్రామదేవత కోసం, పోతర్ తోల ఆకులు ఏరడాన్ని చూపుతూ, భాగ్ థింసా పులి నుంచి తప్పించుకునే తీరును చూపుతూ ఆడతారు. విడుదుల్లో సాయంత్రం పూట చూపించే థింసా దీనికి పొట్టిరూపం. నిలువు చీరకట్టులో, మంట చుట్టూ, పావుగంటలో ముగుస్తుంది. ఆ ఆటతో బృందాలకు కొంత ఆదాయం వస్తోంది, అది కాదనరానిది. కానీ ఆటలోని సందర్భం, అంటే పెళ్లి, జాతర, చైత్రం, అక్కడ ఉండదు.

చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు పోతారు, ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లతో ఎదురొస్తారు. అదే రోజుల్లో మహిళలు దారులకు అడ్డంగా కర్రలు పెట్టి, పాటలు పాడుతూ వాహనాలవాళ్ల దగ్గర పండుగ సొమ్ము వసూలు చేస్తారు. తెలియని పర్యాటకులు దాన్ని దౌర్జన్యమనుకుని కోపగించుకోవడం కద్దు. పండుగలో తమకూ చోటిచ్చారని గ్రహించినవాళ్లు దిగి ఆడతారు. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతరకు మైదానం నుంచీ భక్తులు వస్తారు.

సంతలు ఒక్కో ఊళ్లో వారంలో ఒక్కో రోజున జరుగుతాయి. తెల్లవారకముందే కావిళ్లతో, తలమీద గంపలతో దిగివచ్చే జనం చిలగడదుంపలు, రాజ్మా, సామలు, పసుపు, అల్లం తెస్తారు. ఒకప్పుడు ఇళ్లల్లో వేటమాంసం వండుకునే తీరులో పుట్టిన బొంగులో చికెన్ ఇప్పుడు రోడ్డు పక్క వ్యాపారమైంది. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతారు. వెదురులోని తేమతోనే ముక్క ఉడుకుతుంది.

కొత్త చోట్లు

చాలాకాలం యాత్రలు బొర్రా, కటికి జలపాతం, డుంబ్రిగుడ దగ్గరి చాపరాయి గెడ్డతో ముగిసేవి. సెల్‌ఫోను కెమెరా వచ్చాక పటం మారింది. చింతపల్లి మండలంలోని లంబసింగి శీతాకాలపు చలితో, పాడేరు దగ్గరి వంజంగి కొండ తెల్లవారుజామున కాళ్లకింద పరుచుకునే మేఘాలతో, అరకు దగ్గరి మాడగడ అదే తరహా దృశ్యంతో పేరు తెచ్చుకున్నాయి. అక్టోబరు, నవంబరుల్లో పసుపుపచ్చగా పూసే వలిసె చేలు ఫొటోల కోసం వచ్చేవారితో నిండుతాయి. వలిసె నూనెగింజ పంట. తొక్కిన చేనులో గింజ రాలదు. అందుకే కొందరు రైతులు చేలోకి దిగడానికి రుసుము పెట్టారు. 2017 నవంబరులో బెలూన్ ఉత్సవం, 2025 జనవరి ఆఖరున చలి ఉత్సవం ప్రభుత్వం తరఫున జరిగాయి.

భూమి చట్టం

1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970 నాటి ఒకటో నిబంధనతో సవరించారు. జనం నోట అది వన్ ఆఫ్ సెవెంటీ. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు చేతులు మారడాన్ని అది నిషేధిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బయటి హోటళ్ల సంస్థలు ఇక్కడ కొండలు కొనలేకపోవడానికి కారణం ఇదే. బినామీ పేర్లతో కట్టిన లాడ్జీల గొడవ ఉన్నప్పటికీ, గుడారాలు, హోంస్టేలు, టిఫిను దుకాణాలు నడిపేవారిలో స్థానిక యువకులు గణనీయంగా ఉండడానికీ ఇదే కారణం. పర్యాటక పెట్టుబడుల కోసం ఈ చట్టాన్ని సడలించాలన్న మాట 2025 ఆరంభంలో పైకి రావడంతో గిరిజన సంఘాలు ఫిబ్రవరిలో ఏజెన్సీ బంద్ జరిపాయి. సీజను మధ్యలో దుకాణాలు, బస్సులు, విడుదులు ఆగిపోయాయి. చట్టాన్ని మార్చే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి ప్రకటించారు.