తెలుగు సినిమా విమర్శకులు : వారి చిత్రమైన పోకడలు

మన హోసూరుకు కొద్ది దూరంలోనే తొరపల్లి గ్రామమున్నది. 1878లో రాజాజీ జన్మించినది అక్కడనే. సినిమా అంటే ఆయనకు సదభిప్రాయం లేదన్నది కూడ లోక విదితమే. ఆయన 1972లో కన్నుమూశారు. 1974లో ఆయన నవల ‘దిక్కట్ర పార్వతి’ తమిళ చిత్రంగా వచ్చింది. దర్శకులు మన సింగీతం శ్రీనివాసరావుగారు, సంగీతం కూర్చినది మన వైణికులు చిట్టిబాబుగారు, చిత్రం తీసినది తొరపల్లిలోనే. సినిమా గిట్టని పెద్దమనిషి ఇంటిముందరకే సినిమా నడచి వచ్చిందన్నమాట. ఆయన ఉండి ఉంటే ఏమనేవారో!

చూడడానికే ఇష్టపడనివారి సంగతి అటుంచి, చూచి, వ్రాసి, తిట్లు తిన్నవారిని గురించి ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలు చెప్పుకుందామని మా సంకల్పం. నటీనటుల జయంతులు మనం మరువము. విమర్శకులను తలచుకునే నాథుడు లేడు.

ముందుగా ఒక మాట. తెలుగు సినిమా విమర్శ మనవలెనే పొరుగుగడ్డమీద పెరిగిన బిడ్డ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ‘ఆంధ్రపత్రిక’ను 1908లో వారపత్రికగా ప్రారంభించినది బొంబాయిలో. 1914లో అది మద్రాసు చేరి దినపత్రిక అయింది. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ను హెచ్. ఎం. రెడ్డిగారు తీసినదీ బొంబాయిలోనే. తర్వాత చిత్రనిర్మాణం మద్రాసులో స్థిరపడగా, దానిని అంటిపెట్టుకొని సినిమా వ్రాతగాళ్లూ ఆ ఊళ్లోనే కాపురం పెట్టారు. నిర్మాత, నటుడు, విమర్శకుడు – ముగ్గురూ ఒకే ఊళ్లో ఉంటే మొగమాటం రాక ఏమవుతుంది? సాయంత్రం కాఫీ ఇచ్చినవాని చిత్రాన్ని మరునాటి ఉదయం చీల్చి చెండాడటం ఎవరికైనా కష్టమే.

బొంబాయిలో బాబూరావు పటేల్ ఆ మొగమాటం బొత్తిగా లేని మనిషి. 1935లో ఆయన మొదలుపెట్టిన ‘ఫిల్మ్ ఇండియా’ చేతికి వచ్చేసరికి నిర్మాతల గుండెలు దడదడలాడేవి. పాఠకుల ప్రశ్నలకు ఆయన ఇచ్చే కొరడాదెబ్బల జవాబులకోసమే పత్రిక కొన్నవారు అసంఖ్యాకులు. ఇంతటివాడూ తానే దర్శకుడై ‘ద్రౌపది’, ‘గ్వాలన్’ తీస్తే అవి ఆయన కలానికున్న కీర్తిలో వీసమెత్తు కూడ తేలేకపోయాయి. 1967లో పార్లమెంటు సభ్యుడైనాడు, అది వేరే కథ.

మనవారిలో కొడవటిగంటి కుటుంబరావుగారిది మరొక బాణీ. పటేల్‌ది కొరడా అయితే, ఈయనది త్రాసు. 1909లో తెనాలిలో పుట్టి, విజయనగరంలోను కాశీలోను భౌతికశాస్త్రం చదివిన మనిషి. ఎం. ఎస్సి. పూర్తి కాలేదుగాని ఆ శాస్త్రపు చూపు మాత్రం చివరిదాకా పోలేదు. కథైనా, సంగీతమైనా, సినిమా అయినా విప్పి చూచి, ఏ చక్రం ఎందుకు తిరుగుతున్నదో చెప్పకపోతే ఆయనకు తోచదు. ‘బాగున్నది’, ‘బాగాలేదు’ అనే రెండు మాటలతో సరిపుచ్చటం ఆయన స్వభావం కాదు. ఆయన సినిమా వ్యాసాలు ప్రత్యేకంగా ఒక సంపుటమే అయినాయంటే ఎంత వ్రాశారో ఊహించుకోవచ్చు.

ఇక్కడే చమత్కారమున్నది. 1952 మొదలు 1980లో మరణించేవరకు ఆయన ఉద్యోగం ‘చందమామ’లో. ఆ పత్రిక ఎవరిది? ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన విజయావారిది – నాగిరెడ్డి, చక్రపాణిగార్లది. సినిమాను తూకం వేసే మనిషికి జీతం ఇచ్చినది సినిమా తీసేవారు! పైగా చక్రపాణిగారి కాలంలో సంపాదకునిగా అచ్చులో కనబడినది చక్రపాణిగారి పేరే. ఎన్నో కథలు కుటుంబరావుగారు పేరు లేకుండానే వ్రాశారు. మనం చిన్ననాట నోరు తెరుచుకొని చదివిన వాక్యాలలో ఆయనవి ఎన్నో. పేరుమీద ఇంత నిర్లక్ష్యమున్న మనిషికి ఒకరి మెప్పుకోసం అభిప్రాయం మార్చుకోవలసిన పనేమున్నదని మాకనిపిస్తుంది. ఆయన కుమారులు రోహిణీప్రసాద్‌గారు బొంబాయిలో అణుశాస్త్రజ్ఞులుగా ఉంటూ తెలుగులో సంగీతాన్ని గురించీ, విజ్ఞానాన్ని గురించీ వ్రాసేవారు. ప్రవాసంలో ఉండీ తెలుగు వదలనివారి లెక్కలో వారిని ముందు వ్రాసుకోవాలి. వారు 2012లో పోయారు.

ఇక ముళ్లపూడి వెంకటరమణగారు. 1931లో ధవళేశ్వరంలో జన్మించి, మద్రాసు చేరి, ఆంధ్రపత్రికలో ఉపసంపాదకులై సినిమా సమీక్షలు వ్రాశారు. బుడుగును సృష్టించిన కలమే అది. వెక్కిరించేది వెక్కిరించబడేవానికి ముందు నవ్వు తెప్పించి, తర్వాత మంట పుట్టించే రకం. చివరకు సినిమావారే ఆయనను లోపలికి లాగుకున్నారు. 1962లో వచ్చిన ‘రక్తసంబంధం’కు మాటలు ఆయనవి. మన తమిళ సోదరులు శివాజీగణేశన్, సావిత్రిలతో చూచి కన్నీరు పెట్టుకున్న ‘పాశమలర్’ కథే అది. 1964లో ‘మూగమనసులు’, 1967లో బాపుగారి మొదటి చిత్రం ‘సాక్షి’. గోదావరి ఒడ్డున పులిదిండిలో, అలంకారాలు లేకుండా తీసిన చిత్రమది.

ఇట్టిదే ఫ్రాన్సులోను జరిగింది. ట్రుఫో అనే యువకుడు తన దేశపు చిత్రాలను ఎంత దుయ్యబట్టాడంటే, 1958లో కాన్ ఉత్సవానికి ఆయనను పత్రికా ప్రతినిధిగా రానివ్వలేదు. 1959లో అదే ఉత్సవంలో ఆయన ఉత్తమ దర్శకుని బహుమతి అందుకున్నాడు. రమణగారు అటుపోవటంవల్ల తెలుగు చిత్రానికి గొప్ప లాభమే కలిగింది. కాని తెలుగు సమీక్షకు అది తీరని లోటు. ఈ లోటును మాత్రం ఎవ్వరూ లెక్కించలేదు.

మన పొరుగు చిత్తూరు జిల్లాలో పుట్టిన కత్తి మహేశ్ ఈ కాలపువాడు. మాట మింగటం ఎరుగనివాడు. ఆయన అభిప్రాయాలతో మనలో అనేకులకు పేచీ ఉన్నది, మాకూ కొన్నిటితో ఉన్నది. ఆయనా ఊరకుండక 2015లో ‘పెసరట్టు’ తీసి, తన్ను తూచమని త్రాసును ఇతరుల చేతికిచ్చాడు. 2021లో నెల్లూరు దగ్గర జరిగిన రోడ్డు ప్రమాదంలో గాయపడి, మద్రాసులో చికిత్స పొందుతూ నలుబది యేండ్లు దాటీ దాటకముందే చనిపోయాడు.

అందరికన్న పట్టుదల గలవారు రెంటాల జయదేవగారు. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలయిందని అందరమూ నమ్మి, పండుగలు చేసుకుంటూ వచ్చాము. ఆయన పాత కాగితాలు త్రవ్వి, సెన్సారు అయినదే 1932 జనవరి 22న అనీ, బొంబాయి కృష్ణా థియేటరులో మొదట ఆడినది 1932 ఫిబ్రవరి 6న అనీ తేల్చారు. ఒక తేదీకోసం ఇంత తంటాలా అని నవ్వేవారు నవ్వనీయండి. ఆ చిత్రం ప్రతి ఒక్కటీ నేడు దొరకదు. బొమ్మ పోయిన తర్వాత మిగిలినది దానినిగురించి అచ్చయిన కాగితమే.

అందుచేత మా మనవి ఒకటి. ఈ ప్రాంతపు తెలుగిండ్లలో తాతగారు కుట్టించిన ఆంధ్రపత్రిక సంపుటాలు, చిరిగిన సినిమా పత్రికలు అటకలమీద ఉండవచ్చు. భోగిమంటకో, పాత కాగితాలవానికో ఇచ్చేముందు సంఘ కార్యాలయానికి కబురు చేయండి. మేమే వచ్చి మోసుకొని పోతాము.