నేలమాళిగలో పనిగది

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ఇంటనే ఉద్యోగము చేసికొనుట మన పట్టణములలోను సాధారణమైనది. చల్లగా, సందడి లేక, నేలక్రింద ఒక గది ఉన్న ఎంత బాగుండునని అప్పుడు పలువురకు తోచి ఉండును. నాలుగు శతాబ్దములకు పూర్వమే ఒక శాస్త్రజ్ఞుడు ఇట్టి గదిని ఏర్పరచుకొనెను.

డెన్మార్కు రాజు రెండవ ఫ్రెడరిక్ 1576లో టైకో బ్రాహికి హ్వెన్ అను ద్వీపము నిచ్చెను. టైకో అచట కట్టించిన యురానిబోర్గ్ భవనము అతని నివాసమును, వేధశాలయును. దాని నేలమాళిగలో రసాయన ప్రయోగములకు కొలుములు ఉండెడివి. కాని మేడమీది పరికరములు గాలికి కదలుచుండెను. అందుచేత 1584 ప్రాంతమున అతడు ప్రక్కనే మరొక వేధశాలను కట్టించి, పరికరములను నేలలో త్రవ్విన గదులలో నిలిపెను. అప్పటికి దూరదర్శిని లేదు. కంటిచూపును, కదలని పరికరమునే నమ్ముకొనవలెను. తరువాత కెప్లరు కుజగ్రహమును గూర్చి వేసిన లెక్కకును, టైకో కొలతకును 8 కళల తేడా వచ్చెను. అంశలో 60వ వంతు ఒక కళ. కెప్లరు ఆ కొలతనే నమ్మి, వృత్తమును విడిచి, గ్రహమార్గము దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించెను.

నేలక్రింద నిలకడగా ఉండునది పరికరమే కాదు, ఉష్ణోగ్రత కూడ. మట్టి వేడిని మెల్లగా ప్రసరింపజేయును. లావోయిజర్ తయారుచేసిన ఉష్ణమాపకమును 1783లో పారిస్ వేధశాల క్రింద 28 మీటర్ల లోతున ఉంచిరి. ఎండకాలమైనను, చలికాలమైనను అది ఇంచుమించు 12 సెంటీగ్రేడు డిగ్రీలనే చూపుచుండెను.

మరి తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమనున్న నగరము వంటి ఊరిలో ఇట్టి గది త్రవ్వవచ్చునా? మన పెద్దలు ఈ ప్రశ్నకు ధాన్యముతో సమాధానము చెప్పిరి. మెట్టభూములలో జొన్నలను పాతరలలో దాచిరి. డెల్టాలో మాత్రము నేలమీదనే గాదెలు, పురులు కట్టిరి. కారణము నీరు. 1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు పారి, వరిచేలలో నీరు నిలుచుచున్నది. ఆ కాలమున బావులలో నీటిమట్టము పైకి వచ్చును.

3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు గల గది భూజలములో 2 మీటర్లు మునిగినదనుకొందము. ఆర్కిమెడిస్ సూత్రము ప్రకారము నీరు దానిని 24 టన్నుల బలముతో పైకి నెట్టును. గది బరువు అంతకు తక్కువైనచో అది పడవవలె లేవజూచును. గోడకు పగులు వచ్చినచో నీరు లోనికి వచ్చును. నీరు రాకున్నను, తీరపు తేమగాలి చల్లని గోడలకు తగిలి చెమర్చును; కాగితము బూజు పట్టును, ఇనుము త్రుప్పు పట్టును. పైగా మన తీరమున లోతున ఉండు స్థిరోష్ణోగ్రత సుమారు 28 డిగ్రీలు. పారిస్‌లోని చల్లదనము ఇచట దొరకదు.

విద్యార్థులు తమ ఊరి బావిలో నేలమట్టమునుండి నీటివరకు గల లోతును కాలువలు రాకముందొకసారి, నాట్లైన తరువాత మరొకసారి కొలిచి వ్రాసికొనవలెను. ఆ రెండు అంకెలను చూచిన పిదప, పనిగదిని నేలక్రింద కట్టుటయా, ఎత్తైన అరుగుమీద ఉత్తరపు కిటికీ ప్రక్కన అమర్చుకొనుటయా అనునది వారే నిర్ణయింపగలరు.