గంజి వ్యాజ్యం, సమాధి వ్యాజ్యం

ఆ తుమ్మ మొద్దు కాస్త లోపలికి తొయ్యరా చిన్నోడా, పొగంతా మీ నాయనమ్మ మొహాన కొడుతోంది. ఆఁ, చాలు. ఇప్పుడు చెప్పు. హైదరాబాదులో నీ రూములో ఉండే కుర్రాడు "మీ తాతలు గంజి కోసం కిరస్తానంలో కలిసినోళ్ళేగా" అన్నాడు, నీకు నోరు పెగల్లేదు. అంతేగా? ఆ మాట కొత్తదేం కాదులే. నేను నిక్కర్లేసుకునే రోజుల్లో బళ్ళో అన్నారు, ఉద్యోగంలో చేరాక కోర్టు ముందు టీ బంకు దగ్గర అన్నారు. అన్నవాళ్ళలో మంచోళ్ళూ ఉన్నారు. ఎవరో అంటే విన్నారు, విన్నది అన్నారు.

నేను సర్వీసంతా మునసబు కోర్టులో బెంచి గుమాస్తాగా చేసినోణ్ణి. పాస్టరు గారిలా ప్రసంగం చెయ్యటం నాకు చేతకాదు. కాయితం చూడటం, తారీకు చూడటం, సాక్షి ఏమన్నాడో చూడటం, అదే తెలుసు. అందుకని ముందు తారీకులు విను.

1876లో వానలు ఎగ్గొట్టాయి. మన పెద్దోళ్ళు ధాత కరువు అనేవాళ్ళు దాన్ని. ఒంగోలు, కనిగిరి, పొదిలి చుట్టుపక్కలంతా మాడిపోయింది. అప్పుడు సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. ఒంగోలు మిషనులో క్లౌ దొర ఉండేవాడు. జాన్ ఎవరెట్ క్లౌ, అమెరికా బాప్టిస్టు, 1866లో ఒంగోలు చేరినోడు. పాదిరి కాకముందు సర్వే పని నేర్చినోడు. ఆయన ఆ కాలువలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు పట్టాడు. ఎందుకంటావా? మిగతా చోట్ల మేస్త్రీలు మన మాదిగపల్లెల వాళ్ళను నానా బాధలు పెడుతున్నారు. ఆకలితో వచ్చినోడికి పని దొరికినా నిలవనీయరు. అందుకని సొంతంగా పని పెట్టి, తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు.

మా నాయనమ్మ వాళ్ళ నాయన ఆ కాలువలో మట్టి మోశాడు. ఆమె చెప్పేది. గుంట తవ్వుతా మధ్యమధ్య దిమ్మె వదలాలి. పొద్దుగూకే ముందు కొలిచేవాడు వచ్చి, దిమ్మె ఎత్తు చూసి ఎంత మట్టి లేచిందో లెక్క రాసుకుంటాడు. కొందరు గడుసోళ్ళు దిమ్మె నెత్తిన ఇంకో గంపెడు మట్టి పోసి ఎత్తు పెంచేవాళ్ళంట. అందుకని దిమ్మె మీద పాత గడ్డి మొదళ్ళు కనపడితేనే కొలత రాసేవాళ్ళు. గడ్డి లేని దిమ్మెకి కూలి లేదు. ఆ ఎండలో గంప దించి చతికిలబడినోళ్ళు కొందరు మళ్ళీ లేవలేదని చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గేది. కూలోళ్ళు నీడకు కూచున్నప్పుడు బోధకులు వాళ్ళ మధ్య కూచుని దేవుడి మాట చెప్పేవాళ్ళు. ఇక్కడిదాకా వింటే నీ రూము కుర్రాడి మాటే నెగ్గేటట్టుంది కదా?

ఇప్పుడు అసలు తారీకు. కరువు సాయం నడిచిన పదిహేను నెలలూ క్లౌ దొర ఒక్కళ్ళకి కూడా బాప్తిస్మం ఇవ్వనియ్యలేదు. జనం అడిగారు, ఆయన కాదన్నాడు. కూలి ఇచ్చే చెయ్యీ, నీళ్ళలో ముంచే చెయ్యీ ఒకటే అయితే రేపు లోకం ఏమంటుందో ఆయనకు తెలుసు. 1878లో సాయం డబ్బు అయిపోయింది, పని అయిపోయింది. అప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి జనం కదిలొచ్చారు. ఇక నా దగ్గర ఇవ్వటానికేం లేదు, ఇళ్ళకు పొమ్మన్నాడు. పోలేదు. డబ్బు అడగం, మా చేతులున్నాయి, బాప్తిస్మం ఇవ్వమన్నారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది. దొర తను ఏట్లోకి దిగలేదు. మన తెలుగు బోధకులే ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని, పేర్లు చదివిస్తా పొద్దున్నించి సాయంత్రం దాకా ఇచ్చారు.

అంటే గంజి ఉన్నప్పుడు బాప్తిస్మం లేదు, బాప్తిస్మం వచ్చేసరికి గంజి లేదు. ఇది ఆ కుర్రాడికి చెప్పు. ఇంకోటి కూడా చెప్పు. కరువుకు పదేళ్ళ ముందే, 1866లోనే, కనిగిరి వైపు తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య కలిశాడు. తోళ్ళ వ్యాపారం చేసినోడు, అంతకుముందే రాజయోగం నేర్చుకుని గురువుల చుట్టూ తిరిగినోడు. ఆయన్ని ఏ గంజి పిలిచింది? ఇప్పటి లెక్క తీసుకున్నా అంతే. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాక క్రైస్తవుడినని కాయితం మీద రాస్తే ఎస్సీ సర్టిఫికెట్టు పోతుంది. లాభం చూసుకునేవాడు ఎటు పోవాలి? మన ఊళ్ళో ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు పెట్టుకున్నోళ్ళు ఎంతమందో నీకూ తెలుసు. వాళ్ళను నేను ఏమీ అనను. ఆ ఉత్తర్వు రాసినోళ్ళను అడగాలి.

అట్లాగని గంజి ఊసే లేదని నేను దబాయించను. ఆకలిలో అన్నం పెట్టిన చేతిని మనిషి మర్చిపోడు. మనల్ని వాకిట్లోకి రానివ్వని రోజుల్లో పక్కన కూచుని మాట్లాడినోడి మాట చెవికెక్కుతుంది. ఎక్కకపోతే వింత. కృతజ్ఞత ఉందని చెప్పుకోవటానికి సిగ్గెందుకు? కృతజ్ఞత వేరు, లంచం వేరు. కోర్టులో ఈ రెండిటికీ తేడా తెలియని ప్లీడరు ఉండడు.

కానీ చిన్నోడా, ఇంతసేపూ నేను చెప్పింది గంజి వ్యాజ్యం. దీంట్లో మనం గెలిచినా యేసు లేచాడని తేలదు. ఓడినా లేవలేదని తేలదు. మా ముత్తాత పిడికెడు జొన్నల కోసమే వచ్చాడనుకో, ఆయన నమ్మింది అబద్ధమవుతుందా? ఆయన చదువుకుని తర్కించి వచ్చాడనుకో, నిజమవుతుందా? రెండు కేసుల కాయితాలు ఒకే కట్టలో కట్టటం గుమాస్తా చెయ్యకూడని పని. లోకమంతా చేస్తున్నది అదే. వాళ్ళూ అంతే, మనోళ్ళూ అంతే.

రెండో వ్యాజ్యం సమాధిది. దాన్ని ఇంత ధీమాగా చెప్పలేను, కానీ చెప్తా.

ఎదుటి పక్షం ఒప్పుకున్నదాన్ని మళ్ళీ రుజువు చెయ్యక్కర్లేదని నా సర్వీసు రోజుల్లో ఉన్న ఎవిడెన్సు యాక్టు 58వ సెక్షను చెప్పేది. యేసు అనే మనిషి ఉన్నాడు, పిలాతు చేతిలో చచ్చాడు అన్నది టాసిటస్ రాశాడు, రోమా చరిత్రకారుడు. క్రైస్తవులంటే ఆయనకు అసహ్యం, అది ఆ వాక్యాల్లోనే కనపడుతుంది. ఆ సాక్ష్యం మనకు ఫీజు లేకుండా వచ్చింది. ఇక లేచాడన్న మాట ఎప్పటిది? పౌలు కొరింథీయులకు ఉత్తరం రాసింది సుమారు 55లో. సిలువకు పాతికేళ్ళు కూడా సరిగ్గా కాలేదు. అందులో కూడా తను కల్పించినట్టు రాయలేదు, తనకు ముందువాళ్ళు అప్పగించింది అంటాడు. చూసినవాళ్ళ పేర్లు చెప్పి, అయిదు వందల మందికి పైగా చూశారు, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారంటాడు. దొంగ దస్తావేజు రాసేవాడు సాక్షులు బతికున్నారని రాస్తాడా? చచ్చినోళ్ళ వేలిముద్రలు వేస్తాడు. మా కోర్టులో చూడలేదూ!

ఆ తర్వాత ఆడోళ్ళు. ఖాళీ సమాధిని ముందు చూసింది ఆడోళ్ళని నాలుగు సువార్తలూ రాశాయి. ఆ కాలపు యూదుల్లో ఆడదాని సాక్ష్యానికి విలువ లేదు, యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఆ మాట రాసే పెట్టాడు. రెండో శతాబ్దంలో సెల్సస్ అనేవాడు, పిచ్చిదాని మాట పట్టుకుని నమ్ముతున్నారని ఎగతాళి చేశాడు. కథ కట్టేవాళ్ళయితే పేతురునో యోహానునో ముందు నిలబెట్టేవాళ్ళు. మగ శిష్యులేమో తలుపులేసుకుని కూచున్నారు, ఆడోళ్ళు చెప్తే కొట్టిపారేశారు. తమ పెద్దల పరువు తీసే కథ ఎవరు కడతారు?

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఎంతమంది ఆడోళ్ళు? మార్కు ముగ్గుర్ని రాశాడు, మత్తయి ఇద్దర్ని, యోహాను మగ్దలేనే మరియ ఒక్కదాన్నే. సమాధి దగ్గర కనపడిన దూతలు ఒకరా ఇద్దరా? అదీ కలవదు. నేను డిపాజిషన్లు రాసుకున్న అనుభవంతో చెప్తున్నా విను. నలుగురు సాక్షులు కామాతో సహా ఒకేటి చెప్పారంటే, రాత్రి వకీలు ఇంట్లో పాఠం జరిగిందన్నమాట. అసలు సంగతి ఒకటై కొసలు తేడా పడితే జడ్జి గారు కలం పైకెత్తి శ్రద్ధగా వినేవాడు. హార్వర్డులో లా చెప్పిన సైమన్ గ్రీన్‌లీఫ్ 1846లో సువార్తికుల సాక్ష్యాన్ని ఈ పద్ధతిలోనే పరీక్షించి పుస్తకం వేశాడు. అయితే ఒకటి దాచను. మత్తయీ లూకా, మార్కును ముందు పెట్టుకుని రాశారని పండితుల్లో ఎక్కువమంది అంటారు. అంటే నాలుగు సాక్ష్యాలూ నాలుగు వేరు వేరు నోళ్ళు కావు. గట్టి ప్లీడరైతే అక్కడే పట్టుకుంటాడు, పట్టుకోవాలి కూడా.

ప్రాణాలిచ్చారు కాబట్టి నిజమే అంటారు మన ప్రసంగీకులు. ఆ వాదం నాకు నచ్చదు. ప్రాణమిచ్చేవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు. దాంతో తేలేది వాళ్ళు మనసారా నమ్మారని, అంతవరకే. కానీ అది చిన్న సంగతి కాదు, దొంగసాక్ష్యం అన్న మాట దాంతో కొట్టుడుపోతుంది. భ్రమ పడ్డారంటావా? ఏడ్చి ఏడ్చి ఉన్న పేతురు భ్రమపడ్డాడనుకుందాం. పౌలు ఏడవలేదే, ఆయన వాళ్ళను తరిమి తరిమి పట్టిస్తున్నోడు. సొంత తమ్ముడు యాకోబు యేసు బతికుండగా నమ్మినట్టు లేదు. తర్వాత ఆయనే యెరూషలేము సంఘానికి పెద్దయి, 62లో రాళ్ళ దెబ్బలకు చచ్చాడు. ఆ చావు సంగతి జోసీఫస్ రాసింది.

హ్యూమ్ అని స్కాట్లండు పెద్దమనిషి 1748లో అడ్డుప్రశ్న వేశాడు. చచ్చినోడు లేవటం కంటే, చెప్పినోడు పొరబడటమే ఎప్పుడూ ఎక్కువ సంభవం కదా అని. మంచి ప్రశ్న. దేవుడే లేడని మొదలుపెడితే దానికి తిరుగు లేదు. ఉన్నాడేమో అని చిన్న సందు వదిలితే లెక్క మారిపోతుంది. అది నా కోర్టు పరిధి కాదు, పై కోర్టుది. అందుకే ఎక్కాల పుస్తకంలా రుజువైందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సివిలు దావాలో ఎటు మొగ్గు ఉంటే అటు డిక్రీ. మొగ్గు ఇటే ఉందని నా లెక్క. అంత మాత్రానికే జీవితమంతా పెట్టాను.

మీ నాయనమ్మ అడిగేది ఇంకోటుంది. అంత కరువు ఎందుకు రానిచ్చాడు, కాలువ గట్టున కూలబడ్డ పిల్లల తప్పేంటి అని. దేశం నుంచి ధాన్యం ఓడలెక్కుతుంటే ఇక్కడ జనం చచ్చారు. అందులో మనుషులు చేసింది ఎంతో ఉంది. అయినా వాన సంగతి మిగిలే ఉంటుంది. దానికి నా దగ్గర వాదం లేదు. సిలువ మీద దేవుడే ఆ బాధ పడ్డాడని నమ్ముతా, ఆమె కూడా నమ్ముతుంది. అయినా అడగటం మానదు. మానమని నేనూ చెప్పను.

నువ్వు మాత్రం రేపు మార్కు సువార్త తీసుకో. పదహారు అధ్యాయాలు, రెండు గంటల పని. పెన్సిలు పట్టుకుని చదువు, ఎక్కడ అడ్డుప్రశ్న వెయ్యాలనిపిస్తే అక్కడ గీత పెట్టు. పాత ప్రతుల్లో అది ఆడోళ్ళు భయపడి ఎవరికీ చెప్పకుండా పారిపోవటంతో ఆగిపోతుంది. ఆ తర్వాతవి పన్నెండు వచనాలు ఆ ప్రతుల్లో లేవు. అక్కడ అట్లా ఎందుకు ఆపాడో నీకేం తోస్తుందో చూసి, ఎల్లుండి నాతో వాదించు. నీ గీతలు ఎన్ని ఉంటే నాకు అంత సంతోషం.