“నీవెవరు?” – బిల్లీ మిల్స్ పరుగు కథ

1964వ సంవత్సరం అక్టోబరు 14వ తేదీ. టోక్యో నగరంలోని జాతీయ క్రీడాప్రాంగణంలో ఒలింపిక్ పదివేల మీటర్ల పరుగు పందెం అప్పుడే ముగిసింది. అందరికంటె ముందుగా గమ్యరేఖ దాటిన యువకుని వద్దకు జపాను అధికారి ఒకరు వచ్చి, “నీవెవరు?” అని అడిగారు. ఆ మాట వినగానే విజేత గుండె ఝల్లుమన్నది. చుట్లు లెక్కపెట్టుకోవడంలో పొరపడ్డానేమో, ఇంకొక చుట్టు మిగిలి ఉన్నదేమో అని భయపడ్డాడు. పొరపాటేమీ జరగలేదు. పందెం ముగిసింది, గెలిచినవాడు అతడే. ఆ గెలిచినవాడెవరో మాత్రం ఎవరికీ తెలియదు.

టోక్యో ఒలింపిక్స్ అనగానే భారతీయులమైన మనకు హాకీలో పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణపతకాన్ని తిరిగి తెచ్చుకున్న సంగతి జ్ఞప్తికి వస్తుంది. అదే క్రీడోత్సవంలో మరొక జాతికి లభించిన గౌరవాన్ని గురించి ఈ ప్రసంగంలో ముచ్చటించుకుందాం. ఆనాటి విజేత పేరు బిల్లీ మిల్స్. అమెరికా నౌకాదళానికి అనుబంధమైన మెరైన్ సేనలో లెఫ్టినెంటు. పుట్టుక చేత ఓగ్లాలా లకోటా తెగకు చెందినవాడు. “నీవెవరు?” అన్న ప్రశ్న అతనికి కొత్తది కాదు. బాల్యం నుంచీ అది అతనిని వెన్నాడుతూనే వచ్చింది. అతనికి పూర్వం అతని జాతినంతటినీ వెన్నాడింది.

అమెరికా ఖండంలోని ఆదిమ నివాసులను చాలాకాలం “ఇండియన్లు” అన్నారు. భారతదేశాన్ని వెదకుతూ బయలుదేరిన కొలంబస్, తాను చేరిన చోటును తూర్పు దీవులని భ్రమించడం వల్ల ఏర్పడిన పేరు అది. ఆ విధంగా వారిని గుర్తించిన మొదటి మాటే పొరపాటు మాట. లకోటాలు ఉత్తర అమెరికా మైదానాలలో ఎనుబోతుల మందలను వేటాడుతూ జీవించిన ప్రజలు. 1868లో ఫోర్ట్ లారమీ అనే చోట కుదిరిన ఒడంబడిక ప్రకారం బ్లాక్ హిల్స్ కొండలు వారివేనని అమెరికా ప్రభుత్వం అంగీకరించింది. 1874లో ఆ కొండలలో బంగారం బయటపడింది. 1877లో ప్రభుత్వం వాటిని స్వాధీనం చేసుకున్నది. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ అనే వాగు ఒడ్డున స్త్రీలు, పిల్లలతో సహా లకోటాలు అనేకులు సైనికుల తుపాకులకు బలి అయినారు. మిగిలినవారు ప్రభుత్వం ఏర్పరచిన ప్రత్యేక ప్రాంతాలలో తలదాచుకున్నారు. దేశంలోని ఆదివాసులందరికీ పౌరసత్వం లభించినది 1924లో మాత్రమే.

ఆ వూండెడ్ నీ ఉన్నది దక్షిణ డకోటా రాష్ట్రంలోని పైన్ రిడ్జ్ ప్రాంతంలో. బిల్లీ మిల్స్ 1938 జూన్ 30న జన్మించినది అక్కడే. దారిద్ర్యం ఆ ప్రాంతానికి వారసత్వంగా వచ్చినది. పన్నెండేళ్లు నిండే నాటికి మిల్స్ తల్లీ, తండ్రీ ఇద్దరూ గతించారు. తల్లి పోయిన తరువాత తండ్రి ఆ బాలుని దగ్గర కూర్చోబెట్టుకొని, విరిగిన రెక్కలు మళ్ళీ బాగుపడాలంటే మనస్సులో ఒక కలను పెంచుకోవాలని బోధించేవాడట. ఆ రెక్కల మాటను మిల్స్ మరువలేదు. టోక్యోలో అది ఎట్లా మళ్ళీ వినవచ్చిందో ముందు చెబుతాను.

అనాథ అయిన బాలుడు కాన్సస్ రాష్ట్రంలోని హాస్కెల్ పాఠశాలలో చేరాడు. ఆదివాసుల పిల్లల కోసం 1884లో స్థాపించిన వసతి పాఠశాల అది. ఇటువంటి పాఠశాలల చరిత్రలో వెలుగు కంటె నీడ అధికం. పిల్లల జుట్టు కత్తిరించి, మాతృభాష మాన్పించి, పూర్వాచారాలను మరపింపజేయడమే తొలినాళ్లలో వాటి ఉద్దేశం. అయితే వాటి క్రీడాస్థలాలలోనే గొప్ప పరుగువీరులు కొందరు తయారు కావడం విచిత్రం. పెన్సిల్వేనియాలోని కార్లయిల్ పాఠశాలకు 1907లో హోపీ తెగ యువకుడొకనిని సైనికులు బందీగా తీసుకువచ్చారు. అతని పేరు లూయీ తెవానిమా. 1908లో లండన్ మారథాన్‌లో తొమ్మిదవ స్థానం పొందాడు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ పదివేల మీటర్ల పందెంలో ఫిన్లండు వీరుడు కోలెమాయినెన్ వెనుక రెండవవాడుగా వచ్చి రజతపతకం గెలిచాడు. ఆ తరువాత స్వస్థలానికి మరలిపోయి గొర్రెలు మేపుకుంటూ జీవించాడు. ఆ పందెంలో అతని స్థానాన్ని మించిన అమెరికన్ మరి యాభై రెండేళ్లపాటు పుట్టలేదు. పుట్టినప్పుడు అతడూ ఆదివాసే కావడం గమనింపదగినది.

మిల్స్ హాస్కెల్ నుంచి కాన్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 1959, 1960 సంవత్సరాలలో విశ్వవిద్యాలయాల జాతీయ పోటీలు గెలిచిన జట్టులో అతడు సభ్యుడు. కాళ్లకు ఉన్న గౌరవం మనిషికి లభించలేదు. విద్యార్థి సంఘాలు అతనిని చేర్చుకోలేదు. అతనిది మిశ్రమ వంశం. తెల్లవారికి అతడు ఇండియను. తనవారిలో కొందరికి పూర్తి ఇండియను కాడు. జాతీయ స్థాయిలో ఎంపికైన పరుగువీరుల ఫొటో తీసేటప్పుడు, ఛాయాగ్రాహకుడు ఆ నల్లటి పిల్లవానిని పక్కకు తప్పుకోమన్నాడని మిల్స్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు. ఒకనాడు హోటలు గదిలో ఒంటరిగా కిటికీ వద్ద నిలబడి ప్రాణం తీసుకోవాలని తలచాడు. ఆ క్షణంలో తండ్రి కంఠం వంటి ధ్వని లోలోపల వినిపించి అతనిని ఆపింది. వెనుదిరిగి వచ్చి తన కలను కాగితం మీద రాసుకున్నాడు: ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల స్వర్ణపతకం.

1962లో చదువు ముగించి, వివాహం చేసుకొని, మెరైన్ సేనలో అధికారిగా చేరాడు. కొంతకాలం పరుగు మానుకున్నాడు. భార్య పట్రీషియా ప్రోత్సాహంతో తిరిగి మొదలుపెట్టాడు. రక్తంలో చక్కెర హఠాత్తుగా తగ్గిపోయే రుగ్మత తనకు ఉన్నదని ఆ రోజులలోనే తెలిసింది. గతంలో పందేల చివరి చుట్లలో శక్తి ఉడిగిపోవడానికి కారణం భీరుత్వం కాదని అప్పుడు అర్థమయినది. ఆహారాన్ని సరిదిద్దుకున్నాడు. సాధన వివరాలు రాసుకునే పుస్తకంలో ఒక లక్ష్యం నిర్ణయించుకున్నాడు: 28 నిమిషాల 25 సెకన్లు. పదివేల మీటర్లంటే నాలుగువందల మీటర్ల బాట మీద ఇరవై అయిదు చుట్లు. ఈ లెక్కన ఒక్కొక్క చుట్టును అరవై ఎనిమిది సెకన్ల పైచిలుకులో ముగించాలి. అప్పటికి అతని ఉత్తమ సమయం దీనికి ముప్పావు నిమిషం వెనుక ఉన్నది. అమెరికా జట్టు ఎంపిక పందెంలో కూడా అతనిది రెండవ స్థానమే. గెలిచినవాడు పద్దెనిమిదేళ్ల జెర్రీ లిండ్‌గ్రెన్.

ఇక టోక్యో సంగతి. ఆ పందెంలో అందరి చూపూ ఆస్ట్రేలియా వీరుడు రాన్ క్లార్క్ మీద ఉన్నది. 28 నిమిషాల 15.6 సెకన్ల ప్రపంచ రికార్డు అతనిది. బొగ్గునుసి పరచిన బాట వానకు తడిసి ఉన్నది. క్లార్క్ ఒక చుట్టు వేగంగా, ఒక చుట్టు నెమ్మదిగా పరుగెత్తుతూ తోటివారిని ఒక్కొక్కరినే వదిలించుకున్నాడు. సగం దూరం గడిచేసరికి మిల్స్ తీసుకున్న సమయం, అయిదువేల మీటర్ల పందెంలో తాను ఏనాడో సాధించిన ఉత్తమ సమయానికి దాదాపు సమానం. ఇంకా అంత దూరమూ ముందున్నది. పందెం విరమించుకుందామన్న ఆలోచన వచ్చిందని అతడే ఒప్పుకున్నాడు. ఇంకొక్క చుట్టు, ఇంకొక్క చుట్టు అనుకుంటూ సాగాడు.

కడపటి చుట్టుకు ముగ్గురు మిగిలారు: క్లార్క్, మిల్స్, ట్యునీషియాకు చెందిన మొహమ్మద్ గమ్మూదీ. చుట్టు వెనుకబడిన పరుగువారితో బాట ఇరుకైపోయింది. దారి కోసం క్లార్క్ మోచేతితో నెట్టగా మిల్స్ బయటి వరుసలోకి తూలిపోయాడు. అదే అదనుగా గమ్మూదీ ఇద్దరి మధ్య నుంచి చొచ్చుకొని ముందుకు దూకాడు. చివరి మలుపు వద్ద మిల్స్ మూడవవాడు. అప్పుడు వెనుకబడిన జర్మను పరుగువాని చొక్కా మీద గద్ద బొమ్మ కనిపించినట్లూ, తండ్రి చెప్పిన రెక్కల మాట గుర్తుకు వచ్చినట్లూ మిల్స్ చెబుతాడు. బయటి వరుస నుంచి అతడు విజృంభించాడు. అమెరికా టెలివిజన్ వ్యాఖ్యాత క్లార్క్, గమ్మూదీల పోరే వర్ణిస్తూ ఉండగా, పక్కన ఉన్న సహవ్యాఖ్యాత డిక్ బ్యాంక్ ఉండబట్టలేక “మిల్స్‌ను చూడండి! మిల్స్‌ను చూడండి!” అని కేకపెట్టాడు. ఆ కేక నేటికీ క్రీడాప్రసార చరిత్రలో నిలిచి ఉన్నది.

మిల్స్ సమయం 28 నిమిషాల 24.4 సెకన్లు, కొత్త ఒలింపిక్ రికార్డు. పుస్తకంలో రాసుకున్న అంకెకు తేడా సెకనులో ఆరు పదవ వంతులు మాత్రమే. గమ్మూదీ 24.8, క్లార్క్ 25.8 సెకన్లతో వెనుక వచ్చారు. మిల్స్ గురించి ముందే ఆందోళన చెందారా అని అడిగితే, అతని పేరే తాను వినలేదని క్లార్క్ అన్నాడు. అందులో అహంకారం లేదు, ఉన్న నిజం అంతే. మిల్స్ ఆ జర్మను పరుగువానిని వెదకిపట్టుకొని చూస్తే అతని చొక్కా మీద గద్ద బొమ్మ లేనే లేదు.

మరుసటి సంవత్సరం శాన్ డియేగోలో ఆరు మైళ్ల పందెంలో మిల్స్, లిండ్‌గ్రెన్ ఇద్దరూ దాదాపు భుజాలు కలిపి 27 నిమిషాల 11.6 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు స్థాపించారు. కొద్దివారాలలోనే క్లార్క్ దానిని అధిగమించాడు. 1968 ఒలింపిక్ జట్టులో మిల్స్‌కు స్థానం దొరకలేదు. పరుగువీరునిగా అతని వైభవకాలం అంత స్వల్పమైనది. అయినప్పటికీ ఒలింపిక్ పదివేల మీటర్ల పందెంలో స్వర్ణపతకం గెలిచిన అమెరికన్ 2024 పారిస్ క్రీడల వరకూ మిల్స్ ఒక్కడే.

లకోటాలలో ఒక ఆచారం ఉన్నది. గౌరవం పొందినవాడు కానుకలు పుచ్చుకొని ఊరుకోరాదు. తానే తన వారికి కానుకలు పంచిపెట్టాలి. మిల్స్ తన విజయాన్ని ఆ దృష్టితోనే చూశారు. 1986లో ఆదివాసుల బాలబాలికల కోసం “రన్నింగ్ స్ట్రాంగ్” అనే సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు. మంచినీటి బావులు, ఆహారం, యువకులు తలపెట్టిన పనులకు ధనసహాయం దాని కార్యక్రమాలు. దేశమంతటా తిరిగి పాఠశాలలలో పిల్లలతో మాట్లాడటం ఆయన జీవితవ్రతమయినది. ఈ సేవకు గుర్తింపుగా 2012 సంవత్సరానికి అమెరికా అధ్యక్షుని పౌరపతకం ఆయనకు లభించింది.

ఒక్క పందెంతో పైన్ రిడ్జ్ దారిద్ర్యం తీరలేదు. బ్లాక్ హిల్స్ లకోటాలకు తిరిగి రాలేదు. వారికి అన్యాయం జరిగిందని 1980లో అమెరికా అత్యున్నత న్యాయస్థానం అంగీకరించి నష్టపరిహారం ధ్రువపరచినా, కొండలే కావాలి కాని ధనం అక్కరలేదని ఆ ప్రజలు నిరాకరించారు. కాబట్టి ఈ కథను సుఖాంతమని చెప్పి ముగించడం సబబు కాదు. ఒక సంగతి మాత్రం నిశ్చయం. ఒకప్పుడు ఫొటోలో నుంచి పక్కకు తప్పుకోమన్న యువకుడు, టోక్యోలో గమ్యరేఖ వద్ద చేతులు పైకెత్తిన దృశ్యం నేడు ఒలింపిక్ చరిత్ర గ్రంథాలలో సుపరిచితమైన ఫొటో. పైన్ రిడ్జ్ పిల్లలకు అందులోని మనిషి ఎవరో ఎవరూ చెప్పనక్కరలేదు.